ఆ ఒక్క గంట పిలకాయలకు వదిలేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

అమెరికాలో కాలేజీ పిల్లలు చదువులు గాలికొదిలేసి గిటార్లు, పడవలు పట్టుకుని తిరుగుతున్నారని, ఆ గాలి మన తిరుపతికి కూడా సోకుతోందని ఈ మధ్య మీ ఉత్తరాల శీర్షికలో ఒక పెద్దాయన రాశారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది కానీ మాటతో మాత్రం ఒప్పుకోలేను. అమెరికా నుంచి మనం తెచ్చుకున్నది ఎమ్మెస్ సీటు, వీసా టెన్షన్, జీతం లెక్క. ఆ గిటారూ ఆ పడవా మన దాకా రానే లేదు. మన ఇంటర్ పిల్లలకు ఆటకో పాటకో రోజూ ఒక్క గంట వదిలేయమని అడగడానికే ఈ ఉత్తరం.

పడవ సంగతి ముందు చెబుతాను. అక్కడ కాలేజీల మధ్య జరిగిన మొట్టమొదటి ఆటల పోటీ 1852లో హార్వర్డ్, యేల్ కుర్రాళ్ల పడవ పందెం. పెద్ద పడవలో ఎనిమిది మంది తలా ఒక తెడ్డు వేస్తారు, తొమ్మిదో మనిషి చుక్కాని చూసుకుంటూ వాళ్లకు లయ చెబుతుంటారు. ఒక్కరు అర క్షణం ముందు తెడ్డు ముంచినా పడవంతా తడబడుతుంది, కాబట్టి అందులో నేనే గొప్ప అనుకునేవాడికి చోటు లేదు. తెల్లవారుజామున చలిలో నీళ్ల మీదికి వెళ్లి వచ్చి, మళ్లీ పొద్దున క్లాసులో కూర్చుంటారు, ఇది చదువు వదిలేసిన పిల్లలు చేసే పనేనా? సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ జట్టయితే 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో హిట్లర్ చూస్తుండగానే ఇటలీని, జర్మనీని దాటి బంగారు పతకం కొట్టింది. మొదటి మూడు పడవలకూ మధ్య తేడా ఒక్క సెకను! ఆ జట్టులో చాలామంది రైతుల, కూలీల ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే.

అదే యూనివర్సిటీలో 1972లో విద్యార్థులు కేసీఎంయూ అని ఒక చిన్న రేడియో స్టేషన్ పెట్టుకున్నారు. పెద్ద స్టేషన్లు పట్టించుకోని స్థానిక బ్యాండ్ల పాటలు అందులో వేసేవారు. సౌండ్‌గార్డెన్ బ్యాండ్ గిటారిస్టు కిమ్ థాయిల్ ఆ రేడియోలో పనిచేసినవాడే. ఆయన తల్లిదండ్రులు కేరళ నుంచి వెళ్లినవాళ్లు, ఆయన ఆ యూనివర్సిటీలోనే ఫిలాసఫీ డిగ్రీ కూడా చేశాడు. తర్వాత గ్రంజ్ పేరుతో ప్రపంచమంతా విన్న రాక్ సంగీతానికి అలాంటి చిన్న గదులే అండగా నిలిచాయి. మత్తు వల్ల ఆ సంగీతంలో పోయిన ప్రాణాలూ ఉన్నాయి, నేను దాచను. కానీ గంజాయి కేసుల వార్తలు మన జిల్లాలో కూడా చదువుతూనే ఉన్నాం కదా, ఆ పిల్లల్లో ఎందరి చేతుల్లో గిటారు ఉంది?

ఆడపిల్ల తల్లిగా ఇంకో మాట. 1972లో అక్కడ టైటిల్ నైన్ అనే చట్టం వచ్చాక కాలేజీలు ఆటల్లో అమ్మాయిలకు కూడా సమానంగా అవకాశం ఇవ్వాల్సి వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన అన్నీ అమరలేదు. స్నానాల గది కూడా లేక, తడి బట్టలతో బస్సులో కూర్చోవాల్సి వచ్చిన యేల్ పడవ జట్టు అమ్మాయిలు 1976లో కాలేజీ ఆటల అధికారి గదిలోకే వెళ్లి నిరసన తెలిపారు. ఇవాళ అక్కడ కాలేజీలో చేరాకే మొదటిసారి తెడ్డు పట్టే అమ్మాయిలు చాలామంది ఉన్నారు. మన దగ్గర పదిహేడేళ్ల అమ్మాయి కొత్తగా ఒక ఆట నేర్చుకుంటానంటే ఇప్పుడెందుకమ్మా అంటాం.

అన్నమయ్య పాటలు వింటూ పెరిగే ఊరు మనది, టీటీడీ వారి సంగీత కళాశాల ఉన్న ఊరు. అయినా పదో తరగతి అయిపోగానే వయొలిన్ అటకెక్కుతుంది, ఇంటర్లో చేరాక పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్సే. కల్యాణి డ్యామ్‌లో పడవ పందేలు పెట్టమని నేను అడగడం లేదు, అవి మనం తాగే నీళ్లు. తెడ్డు వేసే సాధనకు నది అక్కర్లేదు కూడా. అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములు 1981లో సైకిల్ చక్రంతో రోయింగ్ యంత్రం తయారుచేసి అమ్మారు, ఇప్పుడు అలాంటివి జిమ్ముల్లో కనిపిస్తున్నాయి.

నేను అడిగేది సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు ఒక్క గంట. గ్రౌండ్ తెరవండి, ఒక గది ఇవ్వండి, డ్రమ్స్ వాయించుకుంటారో కబడ్డీ ఆడతారో పిలకాయలే తేల్చుకుంటారు, అమ్మాయిలకూ అదే గంట ఇవ్వండి. దానికి మార్కులు, సర్టిఫికెట్లు మాత్రం వద్దు. తెడ్డు పట్టని పిల్లలను పడవ ఆటగాళ్లుగా చూపించి కొందరు డబ్బున్న తల్లిదండ్రులు యూనివర్సిటీ సీట్లు కొన్న కుంభకోణం 2019లో అమెరికాలోనే బయటపడింది. సీటుతో ముడిపెడితే పెద్దవాళ్లు ఆటనూ వదలరు.

మీ పత్రిక కూడా ఒక పని చేయాలి. ర్యాంకుల ఫొటోలకు పేజీలు పేజీలు ఇస్తున్నారు, వారానికి పావు పేజీ తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పుత్తూరు పిల్లల ఆటకూ పాటకూ ఇవ్వండి. మా అమ్మాయి కాలేజీలో ఈ గంట సంగతి అడిగితే పేరెంట్స్ అందరి సంతకాలతో రండి, చూద్దాం అన్నారు. కాగితం రాసిపెట్టాను. మిగతా కాలేజీల తల్లిదండ్రులు కూడా ఎవరి కాలేజీలో వాళ్లు ఇలాంటి కాగితం ఇస్తే ఈ నెలలోనే అందరం కలిసి అడగొచ్చు.

ఇట్లు,
ఒక ఇంటర్ విద్యార్థిని తల్లి,
బైరాగిపట్టెడ, తిరుపతి.