రిపోర్టు వచ్చే దారిలో ప్రకటనలు

కాకినాడ,
8-1-2026

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ ప్రకటనల మెయిళ్ల వల్ల మా అమ్మ రక్తపరీక్ష రిపోర్టు మూడు రోజులు మాకు అందకపోవడం; మీకు మాత్రమే ఇచ్చిన నా మెయిల్ చిరునామా బయటివాళ్లకు చేరడం గురించి.

అయ్యా / అమ్మా,

నమస్కారం. నేను కాకినాడలో టీచరుగా పనిచేస్తున్నాను. మా అమ్మకు 68 ఏళ్లు. అమలాపురంలో మా తమ్ముడి దగ్గర ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. కిందటేడు కిడ్నీల పనితీరు కొంచెం తగ్గిందని తేలాక, నెలనెలా క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు చేయించమని డాక్టరు గారు చెప్పారు. జులై నుంచి అవన్నీ మీ యాప్‌లో బుక్ చేసే చేయిస్తున్నాం. యాప్ అమ్మ ఫోన్‌లో, అమ్మ నంబరు మీద ఉంది. రిపోర్టు మాత్రం నా మెయిల్‌కి వచ్చేలా పెట్టుకున్నాం.

జనవరి 2, శుక్రవారం పొద్దున ఏడింటికి మీ అబ్బాయి ఇంటికి వచ్చి శాంపిల్ తీసుకెళ్లాడు. అతని గురించి ఒక మంచి మాట ఇక్కడే చెప్పాలి. అమ్మకు నరం దొరకడం కష్టం. ఆస్పత్రికి వెళ్తే రెండు మూడు చోట్ల పొడుస్తారు. అతను ఒక్కసారికే తీస్తాడు. ఇంతకాలం మీ దగ్గరే చేయించడానికి అసలు కారణం అతనే.

ఆ సాయంత్రం 6:42కే రిపోర్టు నాకు మెయిల్ చేశామని మీ కస్టమర్ కేర్ చెప్పింది. నిజమే, పంపారు. నేను చూసింది మాత్రం సోమవారం మధ్యాహ్నం, స్కూల్లో భోజనాల గంటలో. తమ్ముడు అమ్మని డాక్టరు గారి దగ్గర కూర్చోబెట్టి, "అక్కా, రిపోర్టు ఏదీ?" అని ఫోన్ చేశాక వెతికాను. అది స్పామ్‌లో ఉంది. దాని పైన తొమ్మిది, కింద పద్నాలుగు మీ ఆఫర్ల మెయిళ్లు. అన్నీ ఒకే చిరునామా నుంచి, ఒకే పేరుతో వచ్చినవే.

పొటాషియం 5.8. పక్కన ఎర్ర అక్షరాల్లో 'హై' అని ఉంది.

మామూలుగా అది 3.5 నుంచి 5 దాకా, లేదా అంతకన్నా ఓ పిసరు పైన ఉండాలి. మరీ పెరిగితే గుండె కొట్టుకునే తీరే మారిపోతుంది. నేను ఆ అంకె చదవగానే డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "బొండాలు తాగుతున్నారా?" అని. కోనసీమలో ఇంటి వెనక కొబ్బరిచెట్టు ఉన్నవాళ్లని ముందు అడగాల్సింది అదే. పరగడుపున రక్తం ఇచ్చి నీరసపడిందని శుక్రవారం పొద్దున తమ్ముడు బొండం కొట్టి ఇచ్చాడు. శనివారం ఒకటి, ఆదివారం ఒకటి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువగా ఉంటుంది. అమ్మ వేసుకునే బీపీ బిళ్ల కూడా పొటాషియం పెంచే రకమే. శుక్రవారం రాత్రే రిపోర్టు చూసి ఉంటే ఆ రెండు బొండాలు తాగేది కాదు, డాక్టరు గారికి ఫోన్ చేసి బిళ్ల సంగతి కూడా అడిగేవాళ్లం. అప్పటికప్పుడు ఈసీజీ తీశారు. తేడా ఏమీ లేదని తమ్ముడు చెప్పేదాకా నేను ఆరో తరగతి గుమ్మం బయటే నిలబడి ఉన్నాను. లోపల పిల్లలు గోల చేస్తున్నా ఏమీ అనలేకపోయాను. బిళ్ల మార్చారు, బొండాలు మానిపించారు. ప్రస్తుతానికి అమ్మ బాగానే ఉంది.

మధ్యలో రెండు రోజులు ఎందుకు వెతకలేదని మీరు అడగొచ్చు. డిసెంబరు రిపోర్టు మీ దగ్గర నుంచి రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఇప్పుడు కొత్త సంవత్సరం రోజులు కదా, ఇదీ అంతే అయ్యుంటుంది అనుకున్నాను.

మీ చిరునామాని స్పామ్ అని గుర్తు పెట్టింది నేనే. ఎందుకు పెట్టానో కూడా వినండి.

డిసెంబరులో మీ నుంచి నాకు 52 మెయిళ్లు వచ్చాయి. కూర్చుని లెక్కపెట్టాను. అందులో నాకు పనికొచ్చినవి మూడు: బుకింగ్, బిల్లు, రిపోర్టు. మిగతా 49 ప్రకటనలు. వాటిని ప్రకటనలని తెలిసేలా పంపినా ఇంత బాధ ఉండేది కాదు. డిసెంబరు 11న "మీ రిపోర్టు గురించి ముఖ్యమైన విషయం" అని ఒకటి వచ్చింది. క్లాసు మధ్యలో గుండె దడదడలాడుతూ బయటికి వచ్చి తెరిస్తే, లోపల ఫుల్ బాడీ చెకప్ మీద 60 శాతం తగ్గింపు. ఇంకో రోజు "అమ్మ ఆరోగ్యం కన్నా ముఖ్యమైన పని ఏముంది?" అని. ఊరు కాని ఊళ్లో ఉద్యోగం చేసుకుంటూ అమ్మని తమ్ముడి దగ్గర ఉంచిన మనిషిని ఆ మాట ఎక్కడ తాకుతుందో మీకు తెలుసు, తెలిసే రాశారు. నాన్నా పులి కథ మా స్కూల్లో చిన్నపిల్లలకి చెప్తాం. అన్నిసార్లు "రిపోర్టు, రిపోర్టు" అని ఉత్తినే పిలిచాక, నిజంగా రిపోర్టు వచ్చిన రోజున ఎవరు తిరిగి చూస్తారు?

ఆపుకోవడానికి ప్రయత్నించలేదా అంటే, మూడుసార్లు ప్రయత్నించాను. మీ మెయిల్ అడుగున, తెల్ల కాగితం మీద లేత బూడిదరంగు అక్షరాల్లో 'అన్‌సబ్‌స్క్రైబ్' అని ఉంటుంది. అది నొక్కితే లాగిన్ అడుగుతుంది. లాగిన్‌కి ఓటీపీ. ఆ ఓటీపీ అమలాపురంలో అమ్మ ఫోన్‌కి వెళ్తుంది. కళ్లజోడు వెతుక్కుని అమ్మ ఆరు అంకెలు చదివేలోపు టైమ్ అయిపోయింది. రెండోసారికి లోపలికి వెళ్లగలిగాను. అక్కడ "ఈ మెయిళ్లు ఆపితే రిపోర్టులు, బిల్లులు కూడా ఆగిపోతాయి" అని రాసి ఉంది. కింద పెద్ద ఆకుపచ్చ బటన్ 'కొనసాగించండి'. దాని పక్కన చిన్న అక్షరాల్లో 'నాకు ఆరోగ్య సమాచారం అక్కర్లేదు'. రిపోర్టు కావాలి కాబట్టి వెనక్కి వచ్చేశాను. మూడోసారి మీ చాట్‌లో రాస్తే, "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబు వచ్చింది. ఆ మర్నాడే ఇంకో ఆఫర్ వచ్చింది. డిసెంబరు 31న ఒక్కరోజే తొమ్మిది మెయిళ్లు. ఆ రాత్రి విసుగెత్తి స్పామ్ నొక్కాను.

రిపోర్టులు ఒక చిరునామా నుంచి, ప్రకటనలు వేరే చిరునామా నుంచి పంపి ఉంటే ఆ నొక్కుడుతో ప్రకటనలు మాత్రమే పోయేవి. ఇది కష్టమైన పని కాదు. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపే సంస్థలు చాలాకాలంగా చేస్తున్నదే. రోజుకు 5000కు మించి మెయిళ్లు పంపేవాళ్లు ప్రచార మెయిళ్లను ఒక్క నొక్కుతో ఆపుకునే వీలు ఇవ్వాలని, ఆపమన్నాక 2 రోజుల్లో ఆపాలని జీమెయిల్ కూడా 2024లో నిబంధన పెట్టింది. లాగిన్, ఓటీపీ అడగడం ఆ నిబంధన ఉద్దేశానికే విరుద్ధం.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. డిసెంబరు 19న మీ నుంచి వచ్చిన మెయిల్ పేరు, "మీరు మా ఆఫర్ ఇంకా తెరిచి చూడలేదు". అంటే ఏ మెయిల్ తెరిచానో, ఏది తెరవలేదో మీరు కనిపెడుతూనే ఉన్నారు. కంటికి కనపడనంత చిన్న బొమ్మ ఒకటి మెయిల్‌లో పెట్టి, అది లోడ్ అయితే తెరిచినట్టు లెక్క వేసుకుంటారని మా అక్క కొడుకు చెప్పాడు. ఆఫర్ తెరవలేదని గుర్తుచేయడానికి మనసొచ్చిన మీకు, 'హై' అని ఉన్న రిపోర్టు మూడు రోజులుగా తెరవలేదని ఒక్క ఫోన్ చేయాలని ఎందుకు అనిపించలేదు?

మరి అమ్మ ఫోన్‌కి ఎస్సెమ్మెస్, నోటిఫికేషన్ వెళ్లి ఉంటాయి కదా అంటారేమో. ఆ ఫోన్ అప్పటికి స్విచాఫ్ అయి బీరువాలో, చీరల కింద ఉంది. మీ యాప్ తెరవగానే స్క్రీన్ నిండా ప్రకటన వస్తుంది. మూసే గుర్తు మూలన, బియ్యపు గింజంత ఉంటుంది. డిసెంబరు 30న అమ్మ దాన్ని నొక్కబోతే వేలు ప్రకటన మీద పడి, ఇంకేదో సైటు తెరుచుకుని, 'అలో' నొక్కమంది. నొక్కింది. అప్పటి నుంచి గంటకోసారి "మీ ఫోన్‌లో వైరస్ ఉంది, బ్యాంకు ఖాతా ప్రమాదంలో ఉంది" అని రావడం మొదలైంది. పెన్షన్ డబ్బులు పోతాయని భయపడి ఫోన్ ఆపేసి దాచేసింది. తమ్ముడికి కూడా రెండు రోజులు చెప్పలేదు, తనే ఏదో తప్పు చేశానని. తర్వాత మా అక్క కొడుకు క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు తెరిచి, ఆ సైటుకి ఇచ్చిన అనుమతి తీసేస్తే ఆగింది. రెండు నిమిషాల పని. అమ్మకి మాత్రం ఆ ఫోన్ మీద ఇంకా నమ్మకం కుదరలేదు. మోగితే కోడలి చేతికి ఇస్తోంది.

అదే ఫోన్‌లో మీ ఎస్సెమ్మెస్‌లు కూడా చూశాను. అమ్మ నంబరుకి 1909 ద్వారా అన్ని ప్రచార సందేశాలూ ఆపించి చాలాకాలమైంది. అయినా "ప్యాకేజీ ఆఫర్ ఈ రోజుతో ఆఖరు" అని మీవి వస్తూనే ఉన్నాయి. పంపినవాళ్ల పేరు చివర చూస్తే ఇంగ్లీషు అక్షరం 'ఎస్' ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రచార సందేశానికి 'పి' ఉండాలి, 'ఎస్' అంటే సేవలకు సంబంధించినది. ప్రకటనకి సేవ అని పేరు పెట్టి గేటు దాటించారన్నమాట. వారం లోపల వచ్చిన రెండు సందేశాల మీద 1909లో ఫిర్యాదు చేశాను.

ఇక నా మెయిల్ చిరునామా సంగతి. జీమెయిల్‌లో మన పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాట కలిపినా, ఆ మెయిల్ మన పెట్టెకే వస్తుంది. మీ దగ్గర ఖాతా తెరిచినప్పుడు మా అక్క కొడుకు సలహా మీద అలా మీ సంస్థ పేరు కలిపి ఇచ్చాను. ఆ రూపంలో ఆ చిరునామా మీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. నవంబరు నుంచి సరిగ్గా ఆ చిరునామాకే షుగర్ తగ్గించే పొడి అమ్మేవాళ్లు, ఆరోగ్య బీమా ఏజెంట్లు, పర్సనల్ లోన్ ఇస్తామనేవాళ్లు రాస్తున్నారు. మీరే ఇచ్చారా, మీ దగ్గర నుంచి ఎవరైనా దొంగిలించారా అన్నది నేను తేల్చలేను, తేల్చి చెప్పాల్సింది మీరు. మా ఇంట్లో షుగర్ ఉందన్న సంగతి మా డాక్టరు గారికీ, మాకూ, మీకూ తెలిసిన విషయం. పొడి అమ్మేవాడికి ఎలా తెలిసింది? ఆరు మెయిళ్ల ప్రింట్లు దీనితో జతచేశాను.

మెయిళ్ల స్పామ్‌కి మన దేశంలో ప్రత్యేకంగా చట్టం లేదని నాకు తెలుసు. కానీ తప్పుదోవ పట్టించే డిజైన్ల మీద 2023 నవంబరు 30న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాలు ఉన్నాయి. వద్దనేవాళ్లని చిన్నబుచ్చే మాటలు, మారువేషంలో ప్రకటనలు, పదేపదే వేధించడం అందులో ఉన్నాయి. మీ దగ్గర ఆ మూడూ నేను చూశాను. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంత తేలికగా ఉండాలి. సమ్మతి అడిగే నోటీసు తెలుగుతో సహా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు ఉండాలి. అది పూర్తిగా అమల్లోకి రావడానికి ఇంకా గడువు ఉన్నా, మంచి పని ముందే చేయడానికి ఎవరూ అడ్డుపడరు. అమ్మ చదవగలిగేది తెలుగే. మీ యాప్‌లో ముందే టిక్ పెట్టి ఉన్న "భాగస్వాములతో సమాచారం పంచుకుంటాం" అన్న గడి ఇంగ్లీషులో ఉంది.

నేను అడిగేది ఇది. రిపోర్టులకు, బిల్లులకు ఒక చిరునామా, ప్రకటనలకు వేరొకటి పెట్టండి, అది నా ఒక్కదానికే కాదు, మీ దగ్గర పరీక్షలు చేయించుకునే అందరికీ. ప్రకటనలు లాగిన్ లేకుండా ఆగాలి. అవి ఆపితే రిపోర్టు ఆగుతుందని బెదిరించే ఆ పేజీ తీసేయండి. రిపోర్టులో ఏ అంకె అయినా హద్దు దాటితే మనిషి చేత ఫోన్ చేయించండి. అమ్మ వివరాలు ఎవరెవరికి వెళ్లాయో రాతపూర్వకంగా చెప్పి, అక్కడ చెరిపించండి. డబ్బు అడగడం లేదు.

ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. జవాబు రాకపోతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను. కానీ నెల దాకా ఆగే పరిస్థితి మాకు లేదు. అమ్మకి మీ దగ్గర వచ్చే పరీక్ష ఫిబ్రవరి 2, సోమవారం. ఆ రోజు రిపోర్టు ఏ చిరునామా నుంచి వస్తుందో, హద్దు దాటితే తమ్ముడి నంబరుకి ఎవరు ఫోన్ చేస్తారో ఆ లోపల నాకు తెలియాలి. మీ అబ్బాయి చేతే శాంపిల్ ఇప్పించాలని అమ్మ కోరిక.

ఇట్లు,
మీ వినియోగదారు, అమ్మ తరఫున కూతురు

జతచేసినవి: జనవరి 2 నాటి రిపోర్టు, డిసెంబరు మెయిళ్ల జాబితా, బయటి సంస్థల ఆరు మెయిళ్ల ప్రింట్లు, రెండు ఎస్సెమ్మెస్‌ల ఫొటోలు.