గుణదల కొండెక్కే కుటుంబాలు ఆదివారం గుడిలోనూ కనిపించాలి

సంపాదకులకు నమస్కారం.

ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే గుణదల మేరీమాత ఉత్సవాల ఫొటోలు మీ పత్రికలో చూస్తుంటాను. మెట్ల నిండా జనం, కొబ్బరికాయలు, తలనీలాలు, పిల్లల్ని భుజాన ఎత్తుకున్న తండ్రులు. మా ఇంటిల్లిపాదీ వెళ్తాం. అక్కడ మా విచారణవాళ్లు, అంటే మా ఫాదర్ గారి కింద ఉన్న ఊళ్లవాళ్లు, అడుగడుగునా ఎదురవుతారు. ఆ తర్వాతి ఆదివారం మా ఊరి గుడిలో పూజకు వెళితే, మగవాళ్ల వైపు పరిచిన చాపలు సగానికి సగం ఖాళీ. కొండ మీద కనిపించిన ఆ కుటుంబాలన్నీ ఏమయ్యాయి?

రెండేళ్ల కిందట మా అమ్మ తుంటి ఎముక విరిగి మంచాన పడింది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ ఆదివారం పూజ మానని మనిషి. అలాంటిదానికి నాలుగు నెలలపాటు దివ్యసత్ప్రసాదం (పూజలో ఫాదర్ గారు ఇచ్చే క్రీస్తు శరీర ప్రసాదం) అందలేదు. ఫాదర్ గారిని తప్పుపట్టలేను. ఆయన కింద తొమ్మిది ఊళ్లున్నాయి, అమ్మ పడిపోయిన సంగతే ఆయనకు తెలియదు. మేం చెప్పి ఉంటామని ఇరుగుపొరుగు అనుకున్నారు. వాళ్లెవరో చెప్పే ఉంటారని మేం అనుకున్నాం. చివరికి ఆయనకు కబురు చేసింది సెంటర్లో పూలమ్ముకునే ఒకావిడ. మరియమాత పేరిట సేవ చేసే మరియదళం అనే సంఘంలో ఉంది, గురువారం గురువారం మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు తిరుగుతుంది. ఫాదర్ గారు వస్తున్నారని తెలిసి అమ్మ తల దువ్వించుకుంది, తెల్లచీర కట్టించుకుంది. స్టూలు మీద గుడ్డ పరిపించి, కొవ్వొత్తి మాత్రం వణికే చేత్తో తనే నిలబెట్టింది. ఈ నాలుగు నెలలూ ఆమె దేనికోసం ఎదురుచూసిందో నాకు అప్పుడు తెలిసింది. మరో ఎనిమిది నెలలకు పోయింది.

ఒక గురువు, తొమ్మిది ఊళ్లు. ఆ ఊళ్లలో ఎవరు జబ్బుపడ్డారో, ఎవరింట్లో పిల్లవాడు చదువు మానేశాడో, ఏ ఇంట్లో మాటలు ఆగిపోయాయో ఆయనకు ఎవరు చెప్పాలి? కుటుంబాలే చెప్పాలి. మా చిన్నప్పుడు అక్టోబరు వస్తే మరియమాత స్వరూపాన్ని రోజుకొక ఇంటికి తీసుకెళ్లేవాళ్లం. ఆ రోజు మాత వచ్చే ఇంటివాళ్లు వాకిలి కడిగి ముగ్గేసి, జపమాల అయ్యాక అందరికీ ఉడికించిన శనగలు పెట్టేవాళ్లు. అలా నెల తిరిగేసరికి ఊళ్లో ప్రతి ఇంటి సంగతీ ప్రతి ఇంటికీ తెలిసేది. ఇప్పుడు జపమాల గుడిలోనే మైకులో అయిపోతోంది. క్రిస్మస్ పాకకు వీధి వీధి నుంచీ గడ్డి, వెదుళ్లు వచ్చేవి. ఇప్పుడు డెకరేషన్‌వాళ్లకు కాంట్రాక్టు. మనం చందా రాసి చేతులు దులుపుకుంటున్నాం. పాలరాతి పలక మీద మన ఇంటిపేరు ఉంటుంది, పలక కింద చాప మీద మనం ఉండం.

ప్రపంచంలోని కతోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1964లోనే కుటుంబాన్ని గృహ శ్రీసభ, అంటే ఇంట్లోని చర్చి, అంది. పిల్లలకు విశ్వాసాన్ని బోధించే తొలి బోధకులు తల్లిదండ్రులేనని చెప్పింది. మనం ఆ పనిని ఆదివారం జ్ఞానోపదేశం క్లాసుకూ, సిస్టర్లకూ అప్పగించేశాం. హైదరాబాదులో చదివే మా మనవరాలికి యేసు నేర్పిన పరలోక జపం ఇంగ్లీషులో వచ్చు, తెలుగులో రాదు. ఆ పిల్లనేమీ అనను. మా ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఆగిపోయి పదేళ్లయింది.

కుటుంబాలు ముందుకు రావాలంటే వాటికి చోటు కూడా ఉండాలి. 1983 నాటి శ్రీసభ చట్టం ప్రకారం ప్రతి విచారణలో ఆర్థిక సంఘం ఉండి తీరాలి. విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్క విశ్వాసులకు చెప్పాలి. నేను పూజకు వెళ్లే చోట ఆ లెక్క చదవగా ఎప్పుడూ వినలేదు. కమిటీ అంటే ఎప్పుడూ ఆ రెండు పెద్ద కుటుంబాలే. ఆంధ్రలో మన గుళ్లు నిండేదే దళిత కుటుంబాలతో. కమిటీలో మాత్రం పేట నుంచి ఒక్కరూ లేరు. భారత కతోలిక బిషప్పులు 2016 డిసెంబరులో దళిత సాధికారత విధానాన్ని ప్రకటించారు. హైదరాబాదు అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంతోని గారు 2022లో తొలి దళిత కార్డినల్ అయినప్పుడు మేమంతా స్వీట్లు పంచుకున్నాం. ఆ సంతోషం కమిటీ గది దాకా ఎందుకు రాలేదో పెద్దలు ఆలోచించాలి.

ఇక ఆడవాళ్లు. గుడి ఊడ్చేది, బలిపీఠం గుడ్డలు ఉతికేది, పాటలు పాడేది వాళ్లే. నిర్ణయాల దగ్గర మాత్రం కనబడరు. పఠనాలు చదివే సేవను స్త్రీలకూ అధికారికంగా ఇవ్వొచ్చని పోప్ ఫ్రాన్సిస్ 2021 జనవరిలో చట్టాన్నే మార్చారు. అదే ఏడాది మే నెలలో, విశ్వాసం బోధించే ఉపదేశి పనిని కూడా శ్రీసభ పరిచర్యగా నెలకొల్పారు. ఫాదర్ రాని ఆదివారాల్లో ఊరిని కూడగట్టి ప్రార్థన నడిపేది ఉపదేశే. ఆయన పిల్లల ఫీజులు ఎవరు కడుతున్నారో అడిగే ఇల్లు ఊళ్లో ఒక్కటీ లేకపోవడం నాకు సిగ్గుగా ఉంది.

వీధికి రెండు కుటుంబాలు వంతులేసుకుని మంచాన ఉన్నవాళ్ల పేర్లు రాసి ఫాదర్ గారికి ఇస్తే చాలు, నెలలు గడిచినా ఎవరికీ తెలియని పరిస్థితి ఉండదు. మూడు నెలలకోసారి పూజ అయ్యాక పది నిమిషాలు లెక్క చదవడం కూడా పెద్ద కష్టం కాదు.

ఆ పూలావిడకు మోకాళ్లు అరిగిపోయాయి. మొన్నటి తపస్కాలం (ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజులు) నుంచి గురువారాలు నేనూ ఆమెతో వెళ్తున్నాను. మా జాబితాలో ఇప్పుడు పదకొండు ఇళ్లున్నాయి. నాలుగిళ్లు పక్క ఊళ్లో, నడవలేం. బండి నడిపే కుర్రవాళ్లు ఇద్దరు కావాలి. ఈ ఉత్తరం మా విచారణవాళ్లు చదివితే పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర మమ్మల్ని కలవండి.

ఇట్లు,
ఒక కతోలిక గృహిణి,
గుంటూరు జిల్లా