క్లిప్పులు తీసి చూపించండి: మీ దుస్తుల కార్యక్రమాలపై ఫిర్యాదు

దుస్తుల విభాగం, కస్టమర్ కేర్ విభాగం బాధ్యులకు,

విషయం: టీవీ షాపింగ్ కార్యక్రమాల్లో మోడళ్లకు సరిపోని సైజు దుస్తులు వేసి, వెనక క్లిప్పులతో సర్ది చూపించడం గురించి.

అయ్యా / అమ్మా,

మేము విజయవాడలో లేడీస్ టైలరింగ్ చేసేవాళ్లం. మాలో కొందరు కటింగ్ నేర్పుతారు. మీ ఛానెల్లో కుర్తీలు, అనార్కలీలు, రెడీమేడ్ బ్లౌజులు అమ్మే కార్యక్రమాలు చూసి ఈ లేఖ రాస్తున్నాం. మా ఫిర్యాదు ధర మీద కాదు, బట్ట నాణ్యత మీద కూడా కాదు. మోడల్ ఒంటి మీద ఆ డ్రెస్ కూర్చున్న తీరు మీద. "అచ్చం ఇలాగే ఉంటుంది మేడమ్" అని యాంకర్ చూపిస్తున్న ఫిట్టింగు మీరు పంపే ప్యాకెట్లో రాదు. ఎందుకు రాదో కటింగ్ తెలిసినవాళ్లకు తెర మీదే కనిపిస్తుంది.

ముందు క్లిప్పుల సంగతి. మోడల్ ఎదురుగా నిలబడినంతసేపూ కుర్తీ నడుము దగ్గర చక్కగా పట్టినట్టు ఉంటుంది. తిరగమంటే మాత్రం సగం తిరిగి ఆగిపోతుంది, వీపు కెమెరాకు చూపించదు. వీపు దాచినా ముందు భాగం చెప్పేస్తుంది. పక్క కుట్టు చంక నుంచి నిలువుగా దిగాలి. మీ మోడళ్లకు అది నడుము దగ్గర వెనక్కి పోయి, సీటు (పిరుదులు) దగ్గరికొచ్చేసరికి మళ్లీ ముందుకొస్తోంది. చాతీ నుంచి నడుము వెనక్కి ఏటవాలు ముడతలు పడుతున్నాయి. సైడ్ కట్స్ రెండూ నోరు తెరుచుకుంటున్నాయి. ముందు ఉండాల్సిన ప్రింటు పువ్వు సగం పక్కకి జారిపోయి ఉంటోంది. ఇవన్నీ ఒకేసారి కనిపిస్తే వెనక బట్ట పట్టి ఉందనే అర్థం.

వెనక బట్టను ఒకటిన్నర ఇంచు లోతున మడిచి క్లిప్పు పెడితే, మడతకు రెండు పొరలు కాబట్టి, చుట్టుకొలతలో 3 ఇంచులు పోతాయి. అంటే 42 ఇంచుల కుర్తీ 39 అయిపోతుంది. వీపు మధ్యన ఒకటి, నడుము దగ్గర ఒకటి పెడితే ఇక అసలు కుట్టిన షేపు ఏమిటో మాకే అంతుపట్టదు. కొన్నావిడకి చేరేది క్లిప్పు లేని 42.

ఇలా ఎందుకు జరుగుతుందో మేం ఊహించలేనిది కాదు. ఒక్కో రంగులో ఒక్కో శాంపిలే వస్తే, దాన్ని ఉన్న మోడల్‌కే తొడగాలి. మోడల్ సన్నగా ఉంటుంది, శాంపిల్ ఎల్ సైజో ఎక్స్ఎల్ సైజో అయి ఉంటుంది. నడుము, పొట్ట దగ్గర క్లిప్పుతో సర్దేస్తారు. భుజం దగ్గర, చంక దగ్గర మాత్రం ఏ క్లిప్పూ పనిచేయదు. అక్కడే అసలు లోపం బయటపడుతుంది. 14 ఇంచుల భుజం ఉన్న మనిషికి 15 ఇంచుల భుజం కుర్తీ వేస్తే రెండు వైపులా అర ఇంచు చొప్పున చెయ్యి మీదకి దిగుతుంది. చేతి పైభాగం కిందికి జారి, చంక కింద బట్ట కుప్పపడుతుంది. దీన్ని మీ యాంకర్లు "డ్రాప్ షోల్డర్ ఫ్యాషన్" అంటున్నారు. కాదండీ. డ్రాప్ షోల్డర్‌గా కట్ చేసిన డ్రెస్‌లో చంక లోతుగా ఉంటుంది, చేతి పైవంపు దాదాపు చదునుగా ఉంటుంది. వంపు ఎత్తుగా ఉండి కుట్టు భుజం దిగి వేలాడుతోందంటే అది మామూలు కటింగే, సైజు పెద్దదైంది అంతే.

దీనికి ఉల్టా కూడా జరుగుతోంది. శాంపిల్ చిన్నదైతే చాతీ మీద అడ్డ ముడతలు పడి, చంక కోసుకుపోతున్నట్టు బిగుసుకుంటుంది. అలాంటప్పుడు మోడల్ రెండు చేతులూ ముందు జోడించుకుని నిలబడుతుంది, చెయ్యి పైకెత్తదు.

కొన్నవాళ్లు సరిపోని డ్రెస్సు పట్టుకుని టైలర్ దగ్గరికి వస్తారు. పక్క కుట్లు లోపలికి వేయడం చిన్న పనే. భుజం తగ్గించాలంటే చేతులు విప్పాలి, చంక రౌండు మళ్లీ కత్తిరించాలి, దానికి తగ్గట్టు చేతి వంపు దిద్ది తిరిగి కుట్టాలి. లైనింగ్ ఉంటే ఇదంతా రెండింతల పని. ఎంబ్రాయిడరీ భుజం దాకా ఉంటే అసలు ముట్టుకోలేం, కత్తెర పెడితే దారం ఊడొస్తుంది. ఇక వదులు చేయమంటే మా దగ్గర మందు లేదు. మేం కుట్టే జాకెట్టులో పక్కలకి ఇంచు, ఇంచున్నర బట్ట లోపల వదులుతాం. మీ రెడీమేడ్ కుర్తీల్లో పోగులు ఊడకుండా మెషీన్‌తో వేసే ఓవర్‌లాక్ అంచు పోగా అర ఇంచు కూడా మిగలదు.

పొడవు విషయంలో తేడా ఇంకా ఎక్కువ. 46 ఇంచుల కుర్తీని 5 అడుగుల 8 ఇంచుల మోడల్‌కి, 3 ఇంచుల హీల్స్ వేసి చూపిస్తే అంచు పిక్క మధ్యకొస్తుంది. 5 అడుగుల 1 ఇంచు ఉన్న గృహిణికి అదే కుర్తీ చీలమండకు కాస్త పైదాకా దిగుతుంది. పోనీ కింద కత్తిరిస్తే సరిపోతుందా అంటే, నడుము షేపు, సైడ్ కట్స్ మొదలయ్యే చోటు కూడా కిందికి దిగిపోయి ఉంటాయి. కింద ఎంత కత్తిరించినా అవి పైకి రావు. పైగా రేయాన్ తొలి ఉతుకులో కుదించుకుంటుంది. నూటికి 3 వంతులు కుదించుకున్నా 46 ఇంచుల్లో ఇంచుంపావు పైనే పోతుంది. ఉతికిన శాంపిల్ ఒక్కసారైనా చూపించారా?

బ్లౌజుల కార్యక్రమం మరీ దారుణం. చీర కొంగు సగం ముందు భాగాన్ని కప్పేస్తుంది. భుజం మీద కుచ్చిళ్లకి పెట్టిన పిన్నీసే బ్లౌజు భుజాన్ని కూడా జారకుండా పట్టి ఉంచుతుంది. కొంగు లేని వైపు చూడండి: మెడ వెడల్పు ఎక్కువై భుజం బయటికి జారుతోంది, వెనక మెడ ఒంటికి ఆనకుండా లేచి ఉంది. టక్కు (చాతీ షేపు కోసం కుట్టే మడత) కొన చాతీ ఎత్తైన చోటికి అర ఇంచు ముందే ఆగాలి. మీరు చూపిస్తున్న ప్యాడ్ బ్లౌజుల్లో అది ఉండాల్సిన చోటికి ఒక ఇంచు ఎగువన, పక్కకి పడుతోంది. బ్లౌజు సైజు పెద్దదని కొంగుతో దాచొచ్చు గానీ టక్కు తప్పును దాచలేరు.

తెర మీద వచ్చే సైజు పట్టికతో ఇంకో చిక్కు. "ఎం: 38" అని వేస్తారు. అది ఒంటి కొలతా, డ్రెస్సు కొలతా? కుర్తీకి కనీసం 2 ఇంచులు లూజు ఉండాలి. 38 డ్రెస్సు కొలతైతే అది 36 చాతీ ఉన్నవాళ్లకి. ఒంటి కొలతైతే 38 వాళ్లకి, అప్పుడు డ్రెస్సు 40 ఉండాలి. ఈ ఒక్క మాట లేకపోవడం వల్లే ఒక సైజు అటూ ఇటూ ఆర్డర్లు పోతున్నాయి. "ఫ్రీ సైజు" అన్నప్పుడు ఎంత నుంచి ఎంత దాకా అని ఎందుకు చెప్పరు?

మేము కోరేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. కార్యక్రమానికి ముందు మోడల్ చాతీ, నడుము, సీటు, భుజం, ఎత్తు టేపుతో కొలిచి తెర మీద వేయండి, ఏ సైజు వేసుకుందో పక్కనే రాయండి. శాంపిళ్లు ఒకే సైజులో కాకుండా మోడల్ కొలతకు తగ్గట్టు తెప్పించండి. పై డ్రెస్సుకి చాతీ కొలత, లెగ్గింగ్స్‌కి, ప్యాంటుకి సీటు కొలత చూసి ఎంచాలి. తప్పనిసరై పెద్ద సైజే వేయాల్సి వస్తే క్లిప్పు కాదు, పక్కల తర్వాత విప్పేసేలా పొడుగు కుట్టు వేసి, "ఇది చిన్నది చేసి చూపిస్తున్నాం" అని యాంకర్ చేత చెప్పించండి. ప్రతి డ్రెస్సుకీ వీపు పూర్తిగా చూపించండి, చెయ్యి పైకెత్తించండి, ఒకసారి కుర్చీలో కూర్చోబెట్టండి. సైడ్ కట్స్ ఎంత ఎత్తు నుంచి తెరుచుకుంటాయో కూర్చుంటేనే తెలుస్తుంది. ఎక్స్ఎల్, డబుల్ ఎక్స్ఎల్ అమ్ముతున్నారు కాబట్టి ఆ ఒళ్లున్న మోడల్ ఒక్కరైనా ఉండాలి. సన్నటి పిల్ల మీద 44 సైజు కుర్తీని మడిచి చూపిస్తే 44 కొనేవాళ్లకి ఏం తెలుస్తుంది?

చాతీ, భుజం, చంక రౌండు, పొడవు, చేతి పొడవు, ఈ ఐదు డ్రెస్సు కొలతలు సైజువారీగా ఇంచుల్లోనూ సెంటీమీటర్లలోనూ ఇవ్వండి. ఆర్డర్ తీసుకునే ఫోన్ సిబ్బంది దగ్గరా ఆ కాగితం ఉండాలి. ఇప్పుడు అడిగితే "మీ రెగ్యులర్ సైజే తీసుకోండి మేడమ్" అంటున్నారు.

వస్తువు గురించి తప్పుడు అభిప్రాయం కలిగించే ప్రకటన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. అలాంటి ప్రకటనల నివారణకు 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. క్లిప్పు పెట్టిన ఫిట్టింగును "ఇలాగే వస్తుంది" అని అమ్మడం దీని కిందికి వస్తుందనే మా అభిప్రాయం. 30 రోజుల్లోగా రాతపూర్వకంగా సమాధానం ఇవ్వండి. ఇప్పటికే తిరిగొచ్చిన డ్రెస్సుల్లో భుజం, చంక సరిపోలేదని రాసినవి ఎన్నో అందులో తెలపండి. లేదంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో, రికార్డు చేసిన మీ కార్యక్రమాల భాగాలు జతచేసి ఫిర్యాదు నమోదు చేస్తాం.

ఇట్లు,
లేడీస్ టైలర్లు, కటింగ్ శిక్షకులు,
విజయవాడ