పాతకార్ల సంఘం వార్షిక నివేదిక: రంగుకు ముందే బిగింపు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఏటా ఈ నివేదికలో ఎన్ని మీటింగులు జరిగాయి, ఏ బండి ఎక్కడిదాకా వెళ్లొచ్చింది అన్న సంగతులే ఎక్కువ ఉండేవి. ఈసారి వాటిని చివర్లో నాలుగు ముక్కల్లో చెప్పి, మిగతా చోటంతా ఒక్క పనికే ఇస్తున్నాను. కార్యవర్గం కూడా సరేనంది. విజయవాడ ఆటోనగర్‌లోని మన షెడ్డులో ఈ సంవత్సరం చాలా ఆదివారాలు ఆ పనితోనే గడిచాయి. అది మన సభ్యులైన మాస్టారి అంబాసిడర్ మార్క్ 2 కారుకి ముందుభాగం తిరిగి బిగించడం. రెండు మడ్‌గార్డులు, బానెట్, గ్రిల్లు చుట్టూ ఉండే ముందు రేకు, దాని కింద ఉండే ఏప్రన్ అనే రేకు, బంపర్. ముందు చక్రం మీది రేకుని షాపులో ఫెండర్ అని అడగాలి కానీ మన షెడ్డులో అది మడ్‌గార్డే, ఇక్కడా అలాగే రాస్తాను.

కొత్త సభ్యులకు తెలియదు కాబట్టి నిరుడు మనం చేసిన తప్పు ముందు చెప్పాలి. నిరుటి బండికి రేకులన్నీ విడివిడిగా పుట్టీ పెట్టించి, ప్రైమర్ కొట్టించి, రంగు వేయించి తెచ్చాం. ఏ రేకుకి ఆ రేకు అద్దంలా మెరిసింది. తీరా బిగించబోతే కుడి మడ్‌గార్డుకీ డోర్‌కీ మధ్య సందు పైన 9 మి.మీ., కింద 3 మి.మీ. వచ్చింది. బోల్టు రంధ్రాలు సాగదీశాం, వాషర్లు వేశాం, చివరికి అంచుకి ఆకురాయి పట్టాం. రంగు పెచ్చులుగా లేచిపోయింది. మడ్‌గార్డూ డోరూ రెండూ మళ్లీ పెయింటింగ్‌కి వెళ్లాయి. ఖర్చు సంగతి అలా ఉంచితే, తాతగారి బండి అని ఎంతో ఆశగా ఎదురుచూసిన ఆ సభ్యుడికి రెండు నెలలు సమాధానం చెప్పలేకపోయాం. ఆ బాధ్యత మనదే.

అందుకే ఈ ఏడాది ఒక నియమం పెట్టుకున్నాం. రంగు డబ్బా మూత తీయకముందే ముందుభాగం అంతా ఒకసారి పూర్తిగా బిగించాలి, సందులన్నీ సరిచూసుకోవాలి, ఆ తర్వాతే విప్పి పెయింటింగ్‌కి పంపాలి. ఒకే పని రెండుసార్లు చేస్తున్నట్టు అనిపిస్తుంది. అలా అనిపించిన వాళ్లు మనలోనూ ఉన్నారు. మాస్టారి బండి చూశాక ఆ మాట మళ్లీ ఎవరూ అనలేదు.

అంబాసిడర్ గురించి ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఇది ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి. హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 మే దాకా దీన్ని తయారు చేస్తూనే ఉన్నారు. దీనికి లారీలా విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే ఇనుప చట్రం, ఉండదు, బాడీయే ఛాసిస్. కాబట్టి బండిని ఎక్కడ ఎత్తి నిలబెట్టామో దాన్ని బట్టి బాడీ వెంట్రుకవాసి వంగుతుంది. స్టాండ్ల మీద పెట్టి ముచ్చటగా సరిచేసుకున్న సందులు, బండి చక్రాల మీదకి దిగాక వేరేగా కనిపిస్తాయి. ఇంజిన్ లేకుండా సెట్ చేసినా అంతే, దాని బరువు పడగానే ముందుభాగం కాస్త కిందికి దిగుతుంది. అందుకని ముందు ఇంజిన్ పెట్టేశాం, చక్రాలు బిగించాం, టైర్లలో గాలి సమానంగా కొట్టాం. షెడ్డు నేల సమంగా ఉందో లేదో చూడటానికి తాపీమేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు తెచ్చాం. ఒక మూల పల్లంగా ఉందని తేలింది. ఆ చక్రం కింద పలచటి చెక్క పెట్టి సరిచేశాం.

తర్వాత ఇంజిన్ గదిని టేపుతో కోణాకోణీ కొలిచాం. ఎడమ వెనక మూల నుంచి కుడి ముందు మూలకి, కుడి వెనక నుంచి ఎడమ ముందుకి. రెండు కొలతలూ ఒకటే రావాలి. తేడా ఎక్కువగా ఉంటే బండి ఎప్పుడో దెబ్బతిన్నట్టే లెక్క, దాన్ని ముందు లాగించి సరిచేయాలి తప్ప మడ్‌గార్డు మీద ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. మాస్టారి బండికి తేడా చాలా తక్కువే వచ్చింది, ఊపిరి పీల్చుకున్నాం.

ఇక అసలు సంగతి. మొదటి రోజు మడ్‌గార్డు తగిలించగానే నిరుటి కథే మళ్లీ కనపడింది. డోర్ పక్కన సందు పైన వెడల్పు, కింద సన్నం. నాకు టెన్షన్ మొదలైంది. ఇద్దరు సభ్యులు అప్పుడే పానాలు పట్టుకుని మడ్‌గార్డు బోల్టులు వదులు చేయబోయారు. మన డెంటింగ్ మేస్త్రీ గారు వాళ్లని ఆపి, మాస్టారి వైపు తిరిగి, "మాస్టారూ, ముందుకి కాదు, వెనక్కి రండి" అన్నారు. డ్రైవర్ డోరు సగం తెరిచి, కింది అంచు కింద అరచేయి పెట్టి పైకి ఎత్తారు. టక్‌మని చప్పుడైంది. డోరు వేలెడంత కాదు, గోరంత పైకి లేచి మళ్లీ దిగింది. "లోపం మడ్‌గార్డులో లేదు. డోర్ వాలిపోయింది. వాలిన డోర్‌కి మడ్‌గార్డు కలిపితే రెండూ వంకరే" అన్నారు.

డోర్ బందుల పిన్నులు ఇన్నేళ్లకి అరిగిపోయాయి. పిన్నులూ బుష్షులూ మార్చి, డోర్ తగిలే బాడీ పిల్లర్ దగ్గర బందు కింద ఒక షిమ్, అంటే పలచటి రేకు ముక్క, వేసి, డోర్‌ని నిలబెట్టాం. మళ్లీ మడ్‌గార్డు తగిలించాం. దాని రేకు మీద ఒక్క సుత్తి దెబ్బ కూడా వేయలేదు, సందు పైనుంచి కిందిదాకా సమంగా వచ్చేసింది. నిరుడు మనం ఆకురాయి పట్టింది తప్పు రేకుకి అన్నమాట.

అందుకే ముందుభాగం పని వెనక నుంచే మొదలవ్వాలి. మొదట వెనక డోర్లు బాడీకి కలవాలి, తర్వాత ముందు డోర్లు వెనక డోర్లకి, ఆ తర్వాతే మడ్‌గార్డులు ముందు డోర్లకి. బానెట్ మడ్‌గార్డులకీ, ముందు అద్దం కింది రేకుకీ కలవాలి. గ్రిల్లు, ముందు రేకు బానెట్‌కి కలవాలి. బంపర్ అన్నిటికన్నా చివర. ఈ వరుస తప్పితే ప్రతి తప్పూ ముందుకి జరుగుతూ పోయి, ఆఖరికి హెడ్‌లైట్ దగ్గర తేలుతుంది.

బోల్టులన్నీ మొదట చేతిబిగింపే. ఒక్కటి కూడా పానాతో పూర్తిగా బిగించకూడదు. సందు కొలవడానికి మేం ఖరీదైన గేజీ కొనలేదు, 4 మి.మీ. ప్లైవుడ్ ముక్క కోసి వాడాం. అది ఎక్కడా పట్టకుండా, ఎక్కడా వదులు కాకుండా జారితే చాలు. సందుతో పాటు మట్టం కూడా చూడాలి. డోర్‌కీ మడ్‌గార్డుకీ మట్టం తేడా ఉంటే ఎండలో అడ్డంగా చూసినప్పుడు వెంటనే కంటికి తగులుతుంది. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చూడమన్నారు మేస్త్రీ గారు. నిజంగానే కంటికి తెలియని మెట్టు వేలికి తెలుస్తోంది.

మడ్‌గార్డులు కొత్తవి కొనాలా, పాతవే బాగు చేయించాలా అన్న చర్చ కార్యవర్గంలో గట్టిగానే నడిచింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏ బండి మడ్‌గార్డు ఆ బండికే. కొత్తది తెస్తే బోల్టు రంధ్రాలు కలవక, అంచు వంపు కలవక సగం పని దాన్ని ఒప్పించడానికే పోతుంది. మాస్టారి మడ్‌గార్డులకి తుప్పు ఎప్పటిలాగే డోర్ దగ్గర కింది మూలలో పట్టింది, చక్రం విసిరిన బురద అక్కడే చేరి తడి ఆరకుండా నిలుస్తుంది. ఆ మూల మేరకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాం. పాత సొట్టలు పుట్టీతో నింపకుండా డాలీ (రేకు వెనక ఆనించే ఇనుప దిమ్మ), సుత్తితోనే తీయించాం.

బానెట్‌కి ఎక్కువ టైం పట్టింది. వెనక ఎత్తు కావాలంటే బందుల కింద వాషర్లు వేయాలి, ముందుకీ వెనక్కీ జరపాలంటే బోల్టు గాడిలో జరపాలి, ముందు ఎత్తు రబ్బరు బుడిపెలతో సరిచేసుకోవాలి. మొదటిసారి మూసేటప్పుడు లాక్ విప్పి పక్కన పెట్టండి. బానెట్ సరిగా కూర్చోకుండానే లాక్ పడిందంటే మళ్లీ తెరవడం నరకం. మొదటిసారి దబ్బున వదలకండి కూడా. ఇద్దరు రెండు మూలలు పట్టుకుని మెల్లగా దించాలి, వెనక మూలలు ముందు అద్దం కింది రేకుని గీరుతున్నాయేమో మూడో మనిషి వంగి చూడాలి.

అన్నీ కుదిరాక మేస్త్రీ గారు చెప్పిన ఇంకో పని చేశాం. ప్రతి మడ్‌గార్డు అంచులోనూ, దాని వెనక బాడీలోనూ కలిపి రెండేసి చోట్ల 3 మి.మీ. రంధ్రం కొట్టాం. రంగు వేసి వచ్చాక ఆ రంధ్రాల్లో డ్రిల్ బిట్ దూర్చితే చాలు, రేకు తన పాత చోటికే వచ్చి కూర్చుంటుంది. షిమ్‌లన్నీ "ఎడమ పైన, రెండు" అంటూ కాగితం రాసి విడివిడి కవర్లలో పెట్టాం. రంగు మందం కూడా కొంత చోటు తింటుంది, అందుకే సందులు ముందే ఒక పిసరు ఎక్కువ వదిలాం. రంగు వచ్చాక అంచులకి మాస్కింగ్ టేపు వేసి బిగిస్తే రెండు ఆదివారాల్లో పని అయిపోయింది. ఎక్కడా రంగు లేవలేదు. చివరి బోల్టు బిగించాక మాస్టారు డ్రైవర్ డోరు వేసి, తెరిచి, మళ్లీ వేశారు. ఆ చప్పుడు వినడానికే నాలుగైదుసార్లు వేశారు.

మిగతా కార్యక్రమాలు. నెలనెలా మీటింగులు మానకుండా జరిగాయి. చలికాలంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా అమరావతి దాకా బండ్లు నడిపాం. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకి 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల గురించి ఒక పూట సభ్యులకి వివరించాం. కొత్తగా నమోదుకి రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబర్‌లో వి.ఎ. అక్షరాలు వస్తాయి. అలా నమోదైన బండిని రోజువారీ అవసరాలకి నడపకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చేసిన బండ్లకి ఇది వర్తించదు కాబట్టి, పాత రేకు పారేసే ముందు ఒకసారి కార్యవర్గాన్ని అడగండి. జమాఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం, ప్రశ్నలుంటే సర్వసభ్య సమావేశంలో అడగవచ్చు.

వచ్చే ఏడాది పనికి ఒక ప్రీమియర్ పద్మిని వస్తోంది. బండి యజమానికీ, ఆ తర్వాత వరుసలో ఉన్న వాళ్లకీ నాదొక విన్నపం. మడ్‌గార్డులు ఇంట్లో విప్పేసి, బోల్టులన్నీ ఒకే డబ్బాలో పోసి తీసుకురావద్దు. బండిని ఉన్నదున్నట్టుగానే షెడ్డుకి తెండి, సందులు కొలిచి, ఫోటోలు తీసి అందరం కలిసి విప్పుదాం. ఉగాది తర్వాతి ఆదివారం ఉదయం 7 గంటలకి షెడ్డు తెరుస్తాం.

ఇట్లు,
కార్యదర్శి