గిర్ని రేటు ఎందుకు పెంచుతున్నామంటే

అక్కలకు, వదినలకు, అన్నలకు నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి మన మహిళా సంఘం గిర్నిలో జొన్నలు, గోధుమలు, మక్కలు ఏవి పట్టించినా కిలోకు 8 రూపాయలు. ఇన్నాళ్లూ 6 తీసుకున్నాం. కారం, పసుపు రేటు మారదు.

ఈ సంగతి చెప్పగానే ఒక పెద్దమ్మ అడిగింది: "మిషిన్లు సర్కారు ఊకెనే ఇచ్చింది గద బిడ్డా, పెంచుడెందుకు?" ఊళ్లో చాలామందికి ఇదే అనుమానం ఉంది కాబట్టి లెక్క అందరి ముందూ పెడుతున్నాను.

మిషిన్లు ఊరికే రాలేదు. 2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార పరిశ్రమల పథకంలో 35 శాతం సబ్సిడీ ఉంది, నిజమే. అది చేతికి రాదు, అప్పు ఖాతాకు జత చేసి బ్యాంకులోనే ఉంచుతారు. మూడేళ్ల తర్వాత కూడా గిర్ని నడుస్తూ, కిస్తీలు సరిగ్గా కట్టి ఉంటేనే అప్పులోంచి తీసేస్తారు. సంఘంలో అందరం పొదుపు డబ్బు కొంత పెట్టాం, మిగతాదంతా అప్పే. అందుకే ఒక్క కిస్తీ తప్పినా మాకు టెన్షనే. లెక్కల పుస్తకం గిర్నిలోనే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు.

కరెంటు బిల్లు తర్వాత పెద్ద ఖర్చు రాళ్లది. అరిగిన రాళ్లకు గాట్లు కొట్టించకపోతే పిండి వేడెక్కుతుంది, బరక వస్తుంది. బరక పిండితో జొన్న రొట్టె కొడితే అంచులు పగులుతాయని మీకు నేను చెప్పక్కర్లేదు. గిర్ని నడిపే చెల్లె గుడ్డ గొట్టం కింద చేయి పెట్టి, పిండిని బొటనవేలితో రుద్ది చూసి, చక్రం కాస్త బిగిస్తుంది, కాస్త వదులుతుంది. ఆ అంచనా రావడానికి ఆమెకు చాలా కాలం పట్టింది. ఇంతకుముందు మిర్చి ఏరడానికి పోయేది, ఏరుడు అయిపోతే కూలి లేదు. ఇప్పుడు గిరాకీ ఉన్నా లేకున్నా ఆమెకు రోజు కూలి ఇస్తున్నాం. ఆ కూలి తగ్గించి పాత రేటే ఉంచుదామని మీటింగులో ఒక మాట వచ్చింది. నేను ఒప్పుకోలేదు. ఆడవాళ్ల బతుకు కోసం పెట్టుకున్న గిర్నిలో ఆడమనిషి కూలే కోస్తే ఇక గిర్ని ఎందుకు?

పిండి మీద మాకు మిగిలేది తక్కువ, గిర్నిని నిలబెడుతున్నది కారం. వరంగల్ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హన్మకొండ నుంచి మా ప్యాకెట్లు అడిగేవాళ్లూ పెరిగారు. చపాటకు ఎరుపు ఎక్కువ, ఘాటు తక్కువ. అందుకే ఘాటు కోసం తేజ రకం మిర్చి కలిపి, తొడిమలు తీసి, వేరే మిషిన్ మీద పడతాం. షాపు కారమంత మెరవడం లేదని కొందరు ప్యాకెట్లు వాపసు ఇచ్చారు. వాపసు తీసుకుంటాం, డబ్బులిస్తాం, రంగు మాత్రం కలపం.

పిల్లల జావ కోసం కిలో లోపు తెచ్చే తల్లులకు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు పాత రేటే. మిగతావాళ్లు ఒక్కసారి ఆలోచించండి. ఊళ్లో గిర్ని లేనప్పుడు సంచి పట్టుకుని టౌనుకు పోతే ఆటో కిరాయి, దానికి తోడు సగం రోజు కూలి పోయేది. ఇంకో మాట, జొన్నల వెనుక జొన్నలే పోస్తాం కాబట్టి మక్కలు తెచ్చినవాళ్లు కాసేపు ఆగాల్సి వస్తుంది. మీ పిండిలో ఇంకొకరి పిండి కలవకూడదనే ఆపుతున్నాం, విసుక్కోకండి.

సంక్రాంతికి ముందు వారమంతా సకినాల బియ్యం పొద్దున 6 నుంచి 9 వరకే పడతాం. నానిన బియ్యం నీళ్లు ఓడ్చి, బట్ట మీద ఆరబోసి, పిడికిట్లో పడితే చేతికి నీళ్లు అంటనప్పుడు తీసుకురండి. తడి ఎక్కువైతే పిండి రాళ్లకు పట్టేస్తుంది. మిషిన్ ఆపి విప్పి తుడిచేసరికి వెనుక లైన్లో ఉన్నవాళ్లకు ఆలస్యమవుతుంది.