డప్పుకు ఒక్క శాంపిల్ చాలదు

సంపాదకుల వారికి,

జానపద గీతాలకూ భక్తి గీతాలకూ ఇంట్లోనే కంప్యూటర్ మీద వాద్యసహకారం సమకూర్చుకునేవారు నేడు చిన్న ఊళ్లలో సైతం ఉన్నారు. ఆ పాటల్లోని డప్పు, మృదంగం యంత్రం మోగినట్టున్నాయని విన్నవారు కంప్యూటర్‌ను తప్పుపడుతుంటారు. లోపం చాలావరకు కంప్యూటర్ తిరిగి మోగించే విడి దెబ్బల ధ్వనులను, అంటే శాంపిల్స్‌ను రికార్డు చేసే తీరులో ఉందన్నది నా అభిప్రాయం.

ఒక దెబ్బకు ఒకే రికార్డింగు ఉంటే, వేగమైన నడకలో అచ్చంగా అదే ధ్వని వరుసగా మోగుతుంది. ఈ రంగంలోని వారు దానిని ‘మెషిన్ గన్’ అనే అంటారు. నిజమైన వాద్యకారుడి చేతిలో సిర్ర, చిటికెన పుల్ల ఏ రెండుసార్లూ చర్మం మీద ఒకే చోట, ఒకే కోణంలో పడవు. అందుకే ఒక్కో దెబ్బను ఒకే బలంతో నాలుగైదుసార్లు రికార్డు చేసి, వాటిని వంతులవారీగా మోగించే ‘రౌండ్ రాబిన్’ పద్ధతి వచ్చింది. శాంపిల్స్ మోగించే సాఫ్ట్‌వేర్లలో ఖరీదైన కాంటాక్ట్‌లోనే కాక, ఉచితంగా దొరికే డీసెంట్ శాంప్లర్‌లోనూ ఈ సదుపాయం ఉంది.

వంతుల సంఖ్యను మాత్రం తాళాన్ని చూసి నిర్ణయించాలి. ఎనిమిది అక్షరాల, అంటే ఎనిమిది లెక్కల, ఆదితాళంలో అక్షరానికొకటి చొప్పున అదే దెబ్బ పడే నడకకు నాలుగు శాంపిల్స్ పెడితే, 8ని 4 శేషం లేకుండా భాగిస్తుంది కనుక, తాళం తిరిగే ప్రతి ఆవర్తనంలోనూ సమం మీద, అంటే మొదటి అక్షరం మీద, అదే శాంపిల్ వచ్చి కూర్చుంటుంది. ఐదు పెడితే అది మళ్లీ సమానికి చేరడానికి ఐదు ఆవర్తనాలు పడుతుంది. ఐదక్షరాల ఖండచాపుకు ఆ ఐదు పనికిరావు, అక్కడ నాలుగే మేలు. ఈ లెక్కలెందుకు, ఎంపికను యాదృచ్ఛికంగా వదిలేస్తే పోదా అనవచ్చు. అప్పుడు ఒకే శాంపిల్ వెంటవెంటనే రెండుసార్లు రాకుండా చూసే ఏర్పాటు కూడా ఉండాలి.

డప్పు విషయంలో మరొక చిక్కుంది. మంటకు కాచి బిగువు తెచ్చిన చర్మం చల్లారేకొద్దీ శ్రుతి దిగుతుంది కాబట్టి, ఒక దెబ్బకు చెందిన శాంపిల్స్ అన్నింటినీ ఒకే కాపులో తీసుకోవాలి. లేకుంటే వంతు మారినప్పుడల్లా డప్పే మారినట్టు వినిపిస్తుంది. ఆపైన వాటి శబ్దస్థాయిని ఇంచుమించు సమం చేయడం అవసరమే, ఎందుకంటే ఒకటి గట్టిగా ఉన్నా లేని ఊనిక పుడుతుంది. అయితే శుభ్రం చేస్తున్నామంటూ దెబ్బ మొదట్లోని పుల్ల చప్పుడును కత్తిరించడం, ఐదింటినీ ఒకే మూసలోకి తేవడం చూస్తే, ఇక ఐదు రికార్డు చేయడం దేనికో అర్థం కాదు.

విశ్వవిద్యాలయాలు, సాంస్కృతిక శాఖలు మన వాద్యాల ధ్వనులను భద్రపరచే పని చేపట్టినప్పుడు, పూర్తి వాదనతోపాటు విడి దెబ్బలను కూడా ఈ పద్ధతిలో రికార్డు చేయించాలని నా మనవి. ఆరు రకాల దెబ్బలు, ఒక్కోదానికి నాలుగు స్థాయిల బలం, ప్రతి స్థాయికీ ఐదేసి శాంపిల్స్ అనుకుంటే మొత్తం 120 రికార్డింగులు. వాయించిన కళాకారుడికి ఆ రోజు పారితోషికంతో సరిపెట్టక, ఆ శాంపిల్స్‌పై వచ్చే రాబడిలో వాటా కూడా రాతపూర్వకంగా ఇవ్వాలి.

భవదీయుడు,
ఒక సౌండ్ ఇంజినీరు,
వరంగల్లు