గిడ్డంగి పండితుల మాట కాదు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు, ధాన్యం కొనుగోళ్ల వార్తలలో ‘గిడ్డంగి’ అని రాయడం మానేసి, రైతులకు తెలిసిన ‘గోడౌన్’ అనే మాటనే వాడాలని కోరారు. గిడ్డంగి పండితులు కల్పించిన మాట అనీ, గోడౌన్ అచ్చమైన ఇంగ్లీషు మాట అనీ, ‘గో’ అంటే వెళ్లడం, ‘డౌన్’ అంటే కింద కాబట్టి సరుకును కిందికి దించి దాచే చోటుకు ఆ పేరు వచ్చిందనీ వివరించారు. వార్త రైతుకు అర్థం కావాలన్న ఆయన తపనను గౌరవిస్తాను. తక్కిన మూడు మాటలూ పొరపాటు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ఒంగోలులో ఒక పొగాకు వ్యాపారి దగ్గర నేను ముప్పై ఒక్క సంవత్సరాలు గుమాస్తాగా పనిచేశాను. టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల నుంచి వచ్చిన బేళ్లు ఎన్ని దిగాయో, ఏ గదిలో చేరాయో లెక్క రాయడమే నా పని. వాన నీరు లోపలికి రాకుండా, సరుకుకు చెమ్మ తగలకుండా, వెనక్కి వచ్చి ఆనుకున్న లారీకి అరుగు సరిసమానంగా అందేలా, గిడ్డంగి నేలను వీధి కంటే ఎత్తుగానే కడతారు. లారీ అరుగు దాకా రాలేనప్పుడు ముఠా కూలీలు వాలుగా వేసిన చెక్క మీదుగా, వీపున బస్తాతో పైకి ఎక్కుతారు. సగం దూరం వెళ్లేసరికి ఆ చెక్క కిర్రుమని వంగుతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, కాలి వేళ్లతో పట్టు చూసుకుని మళ్లీ అడుగు వేస్తారు. అన్నేళ్లలో గిడ్డంగిలోకి కిందికి దిగినవారిని నేను చూడలేదు. నేలలోకి దించి దాచేదాన్ని మన జిల్లాలలో పాతర అంటారు, అది వేరే ఏర్పాటు.

ఇక మాట పుట్టుక సంగతి. మన దేశంలో ఇంగ్లీషువారి నోట నలిగిన మాటలను హెన్రీ యూల్, ఆర్థర్ బర్నెల్ అనే ఇద్దరు పండితులు ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువుగా కూర్చారు. అది 1886లో అచ్చయింది. గోడౌన్ అనే మాట మలయ్ భాషలోని ‘గదోంగ్’ నుంచి వచ్చినట్లు కనబడుతున్నా, దానికి మొదటి మూలం దక్షిణ భారతంలోనే ఉన్నట్లుందని చెబుతూ, వారు తెలుగులోని గిడంగి, గిడ్డంగి అనే రూపాలను, తమిళంలోని కిడంగును చూపారు. తమిళంలో ‘కిడ’ అంటే పడి ఉండడం. సరుకు పడి ఉండే చోటు కిడంగు. తడ దాటి తమిళనాడులోకి అడుగుపెడితే ప్రభుత్వ గిడ్డంగుల బోర్డుల మీద ఆ మాట ఈనాటికీ కనిపిస్తుంది. ఇందులో తెలుగు వాటా ఎంత, తమిళం వాటా ఎంత అని తగవు పడవలసిన పని లేదు. రెండూ ఒకే కుదురు నుంచి వచ్చినవి.

ఈ మాట సముద్రం దాటడంలో వింత ఏమీ లేదు. మన తీరంలో నేసిన బట్టలు పులికాట్ నుంచి నేటి మలేషియాలోని మలక్కాకు, బర్మాలోని పెగూకు ఓడలలో వెళ్లేవి. సరుకు వెళ్లిన చోటికి వర్తకుల మాటలూ వెళతాయి. 1511లో మలక్కాను పట్టుకున్న పోర్చుగీసువారు మలయ్ మాటను ‘గుదావ్’ అని పలికారు. 16వ శతాబ్దంలోనే పెగూను చూసిన వెనిస్ వర్తకుడు ఒకరు, అక్కడి వ్యాపారులు విలువైన సరుకును ఇటుకలతో కట్టిన ‘గోడన్’ అనే ఇంటిలో భద్రపరుస్తారని రాశారు. ఆ రాతలో ‘డౌన్’ అనే ధ్వని లేనే లేదు. తమకు తెలియని మాటను తెలిసిన రెండు మాటలుగా విడదీసి, ఇంగ్లీషువారు తరువాత గోడౌన్ చేసుకున్నారు. వారు 1639లో మద్రాసుకు చేరకముందే మన దుగరాజపట్నంలో కోట కట్టుకుని సరుకు నిల్వ చేసుకున్నవారు. ఈ తీరపు వర్తకుల భాష వారి చెవిన పడకుండా ఉండదు.

వాడుక విషయం కూడా చెప్పాలి. గోడౌన్ మన దేశంలోను, సింగపూరు, హాంకాంగ్ వంటి తూర్పు రేవులలోను నిలిచిన మాట. హాంకాంగ్‌లో 1886లో ఏర్పడిన పెద్ద రేవు కంపెనీ పేరులోనే గోడౌన్ ఉండేది. ఇంగ్లండులో మాత్రం వేర్‌హౌస్ అంటేనే సామాన్యులకు తెలుస్తుంది. హిందీ వాడుకలో అది గోదాం అయింది, గోదాముగా మన దగ్గరికి తిరిగి వచ్చింది.

గిడ్డంగి పండితుల మాట అన్నందుకు నాకు నిజంగా బాధ కలిగింది. నాకు పని నేర్పిన పెద్ద గుమాస్తా గారు అయిదో తరగతి దాటి చదవలేదు. ఎర్రగుడ్డ అట్ట వేసిన ఆవర్జా అనే లెక్కల పుస్తకంలో ఆయన గుండ్రని అక్షరాలతో ‘గిడ్డంగి బాడుగ’ అని పద్దు పెట్టేవారు. ఎవరినీ అడిగి ఆ మాట రాసుకోలేదు, అంతకు ముందు గుమాస్తా రాసినట్టే తానూ రాశారు. ప్రభుత్వం వారు కూడా గిడ్డంగుల సంస్థ అనే పేరు పెట్టుకున్నారు కదా.

అందువల్ల మీ పత్రికకు నా మనవి ఇది. రైతు మాట్లాడిన మాటలను అచ్చు వేసేటప్పుడు ఆయన గోడౌన్ అంటే గోడౌన్ అనే వేయండి, దాన్ని దిద్దవద్దు. మీ విలేకరి తన మాటగా రాసే వార్తలో, శీర్షికలో గిడ్డంగి అనే రాయండి. కొనుగోళ్ల కాలం మొదలయ్యాక నిల్వల వివరాలు రోజూ పెట్టెకట్టి వేస్తారు కనుక, ముందుగా ఆ పెట్టె శీర్షికతో మొదలుపెట్టవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పూర్వ గుమాస్తా,
ఒంగోలు.